నాపరాయి మీద ఓనమాలు

మా ఇంట్లో పాపకోసం నల్లబల్ల కొనలేదు. నేలంతా నల్లబల్లే కదా. కడప జిల్లాలోని మా ఎర్రగుంట్లలో పాతకాలపు ఏ ఇంటికి పోయినా కాళ్ళ కింద నాపబండలే ఉంటాయి. గూళ్ళలో అడ్డబండలు, జాలాడిలో బట్టలుతికే బండ, వాకిట్లో కూచునే అరుగు, చేని గట్టున వరసగా పాతిన కంచెబండలు, అన్నీ ఆ రాయే. బయటి రాష్ట్రాల వాళ్ళు దీన్ని కడప రాయి అని పేరు పెట్టి కొనుక్కుపోతారు. మాకు ఇది పుట్టి పాకిన నేల. తడిగుడ్డ పెట్టి తుడిస్తే నిగనిగలాడుతుంది. ఆరినాక సుద్దముక్కతో గీస్తే గీత తెల్లగా పడుతుంది, అరచేత్తో రుద్దితే పోతుంది. ఐదేళ్ళ మా మనవరాలు అక్షరాలు మళ్ళీ మొదలుపెట్టింది ఈ బండల మీదే. ఒక్కో అక్షరం దాని ఎత్తు ఉంటుంది. "అ" రాయాలంటే మోకాళ్ళ మీద పాకుతూ చుట్టూ తిరిగి రావాల. భుజం కదలాల, నడుం వంగాల. అట్ల రాసిన అక్షరం ఒంటికి తెలుస్తుంది.

మళ్ళీ మొదలుపెట్టింది అన్నాను. అంతకుముందు ఏడాది ఒక ప్రైవేటు బడిలో ఎల్‌కేజీ చదివింది. ఏడాది తిరిగేసరికి నూరు దాకా అంకెలు గడగడా అప్పజెప్పేది. ఏడు చింతగింజలు తెచ్చిపెట్టు నాయనా అంటే గుప్పెడు తెచ్చిపెట్టేది. పెన్సిలు పట్టుకుంటే వేళ్ళ కొసలు పాలిపోయేవి, అంత గట్టిగా అదిమేది. కాగితం చిరిగితే ఏడ్చేది. ఆ బడి వాళ్ళను నేను తప్పుపట్టను. ఫీజు కట్టిన అమ్మానాన్నలు సాయంత్రం చూసేది నోటుబుక్కు నిండిందా లేదా అని. అందుకని వాళ్ళు నోటుబుక్కు నింపిస్తారు. నేను ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో పని చేసి రిటైరైన దాన్ని. నాలుగో తరగతికి వచ్చి కూడా మూడు తొమ్ముల ఇరవై ఏడు అని పాడుతూ, మూడు రూపాయల పెన్నులు తొమ్మిది కొంటే ఎంతయితుందో చెప్పలేక నిలబడిన పిల్లలను ఎంతోమందిని చూశాను. మా ఇంటి పిల్ల ఆ వరసలో నిలబడకూడదు అనుకున్నాను. యూకేజీ ఏడాది నాకు వదిలేయండి, ఇంట్లోనే చెప్పుకుంటాను అని అడిగాను. కొడుకు సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ, కోడలు రోజూ ప్రొద్దుటూరుకు పోయి వస్తుంది. ఇద్దరూ నాలుగు రోజులు మాట్లాడుకున్నారు. "సరే అత్తా, మీరు చెప్తే మాకు ధైర్యమే" అనింది కోడలు.

పిల్లను బడి మాన్పిస్తే కేసు అయితుందేమోనని పక్కింటామె భయపడింది. ఆ భయం లేదు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం ఆరేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ దాకా పిల్లలకు వర్తిస్తుంది. అంతకన్నా చిన్నపిల్లల చదువుకు ప్రభుత్వాలు ఏర్పాట్లు చేయవచ్చు అని మాత్రమే అందులో ఉంది. 2020లో వచ్చిన జాతీయ విద్యావిధానం మూడేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళ దాకా ఒకే పునాది దశగా లెక్కేసి, ఆ వయసులో ఆటల ద్వారా, పనుల ద్వారా నేర్పమని చెప్పింది. అంటే కాగితం మీద అందరూ ఒప్పుకున్న మాటే ఇది. ఇండ్లలోనూ బడుల్లోనూ దీన్ని ఆపుతున్నది పెద్దవాళ్ళ తొందర. పక్కింటి పిల్ల రైమ్స్ చెప్తోందే, మన పిల్ల చెప్పలేదే అనే తొందర.

ఇంట్లో చదువు అనగానే చాలామంది అడిగింది ఏ పుస్తకం, ఎన్ని గంటలు అని. నేను ఎంచుకున్నది వంటింటిని. వేళ్ళకు బలం లేని పిల్లకు ముందుగా పెన్సిలు ఇవ్వకూడదు, శెనక్కాయలు ఇవ్వాల. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు మూడూ కలిపి నొక్కితే గాని పొట్టు పగలదు. పెన్సిలు పట్టుకోవాల్సిన పట్టు కూడా అదే. చేటలో కాయలు పోసి ఇస్తే పాప మొదట రెండు చేతులతో, పంటితో కొరికి పగలగొట్టేది. కొన్నాళ్ళకు కాయ మొన ఎక్కడ నొక్కితే టప్పుమంటుందో దానికే తెలిసిపోయింది. ఒక్కో కాయలో రెండు గింజలు, ఒక్కోసారి ఒకటే, అరుదుగా మూడు. "జేజీ, ఇది మూడు పప్పుల కాయ!" అని పరిగెత్తుకుంటూ వచ్చేది. ఒంటి పప్పుల కాయలు ఒక కుప్ప, జంట పప్పులవి ఒక కుప్ప, మూడువి ఒక గిన్నెలో. ఏ కుప్ప పెద్దది, ఎందుకు పెద్దది అని అడిగితే ఆలోచించి చెప్పేది. వేరు చేయడం, పోల్చడం, జతలుగా లెక్కపెట్టడం అంతా ఆ చేటలోనే జరిగిపోయింది. ఇంకొకటి జరిగింది, నాకు అన్నింటికన్నా ముఖ్యమనిపించేది. అది ఒలిచిన పప్పే ఆ పూట వేయించి ఊరిబిండిలో నూరాము. నైట్ షిఫ్టు నుంచి వచ్చి సంగటిలోకి అది వేసుకుని తిన్న కొడుకు, పప్పు ఒలిచింది ఎవరని అడిగాడు. ఆ పిల్ల ముఖం చూడాల అప్పుడు.

నేను చెప్పదలుచుకున్న మాట ఇదే. ఐదేళ్ళ పిల్లకు కావాల్సింది నిజమైన పని. ప్లాస్టిక్ పొయ్యి మీద ప్లాస్టిక్ దోసె వేయించే ఆట రెండు రోజుల్లో మూలకు పోతుంది, ఎందుకంటే దాంట్లో ఏమీ జరగదు. దోసె మాడదు, రొట్టె విరగదు, ఎవరి ఆకలీ తీరదు. తప్పు చేస్తే చెప్పేది ఉండదు, బాగా చేస్తే తినేవాళ్ళు ఉండరు. నిజమైన పనిలో వస్తువే పాఠం చెప్తుంది, మనం నోరు మూసుకోవచ్చు.

జొన్నరొట్టె సంగతి చూడండి. గోధుమపిండిలో ఉండే బంక జొన్నపిండిలో ఉండదు. చల్లనీళ్ళు పోసి కలిపితే తట్టేటప్పుడే అంచులు బీటలిస్తాయి. కాగిన నీళ్ళు పోస్తే పిండిలోని గంజి కొంత ఉడికి ముద్ద పట్టుకుంటుంది. ఈ సంగతి నేను మాటల్లో చెప్పలేదు. రెండు చిన్న ముద్దలు కలిపి ఇచ్చాను, ఒకటి చల్లనీళ్ళతో, ఒకటి వేడినీళ్ళతో, చేతికి తట్టుకునేంత ఆరినాక. రెండూ తట్టింది. ఒకటి విరిగింది, ఒకటి నిలిచింది. "దీనికేం చేసినావు జేజీ?" అని అడిగింది. తరవాత చాలాసేపు, వేడినీళ్ళలో ఏముంది, ఉప్పునీళ్ళు పోస్తే ఏమయితుంది, మజ్జిగ పోస్తే ఏమయితుంది అని ఒక్కోటీ చేసి చూసింది. మజ్జిగ రొట్టె విరిగిపోయింది గాని రుచిగా ఉంది. గుండ్రంగా రావాలంటే ఒక చేత్తో తట్టుతూ ఇంకో చేత్తో తిప్పాల. రెండు చేతులు రెండు వేరు పనులు ఒకేసారి చేయడం ఐదేళ్ళ పిల్లకు చిన్న సంగతి కాదు. పెనం దగ్గరికి మాత్రం రానీయను. కాలిన రొట్టెను సగం చేయడం, సగాన్ని మళ్ళీ సగం చేయడం దాని పని. నాలుగు ముక్కలు కలిపి మళ్ళీ గుండ్రంగా పేర్చి, ఇంతేనా, ఇంకేం మిగల్లేదా అని చూసుకునేది. భిన్నాలు అనే మాట దానికి కొన్నేళ్ళ తరవాత బడిలో వినిపిస్తుంది. అప్పుడు దానికి కొత్తగా నేర్చుకోవాల్సింది మాట మాత్రమే.

ఇది నేను కనిపెట్టింది కాదు. 1907 జనవరి 6న రోమ్‌లో, కూలినాలి చేసుకునే వాళ్ళుండే శాన్ లోరెంజో పేటలో మరియా మాంటిస్సోరి పిల్లల ఇల్లు తెరిచారు. ఆ గదిలో ఆటబొమ్మలూ ఉన్నాయి, చేతిపని సామాన్లూ ఉన్నాయి. పిల్లలు బొమ్మలను పక్కనబెట్టి పని ఎంచుకున్నారని ఆమె రాసుకున్నారు. నీళ్ళు ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి పోయడం, నేల తుడవడం, బొత్తాలు పెట్టుకోవడం ఆమె పద్ధతిలో మొదటి పాఠాలు. 1939లో ఆమె మద్రాసు వచ్చి అడయారులో టీచర్లకు శిక్షణ ఇచ్చారు. రెండో ప్రపంచ యుద్ధం వల్ల యూరప్‌కు తిరిగి పోలేక కొడైకెనాల్‌లో కూడా ఉన్నారు. ఆమె ఇక్కడికి రాకముందే, 1920లో, భావనగర్‌లో గిజూభాయి బధేకా బాలమందిరం పెట్టారు. వకీలు వృత్తి వదిలి పిల్లల మధ్య కూచున్న మనిషి. ఆయన "దివాస్వప్న" తెలుగులో "పగటికల"గా వచ్చింది. టీచరు ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఆ పుస్తకం నా చేతికి వచ్చుంటే ఎంత బాగుండునో అని ఇప్పటికీ అనిపిస్తుంది. ఇప్పుడు మాంటిస్సోరి అనే పేరు ప్రతి చిన్న టౌనులో బోర్డు మీద కనిపిస్తుంది. బోర్డు దాటి లోపలికి పోతే ఆ నీళ్ళ గిన్నెలూ చీపురుకట్టలూ కూడా కనిపించాలని నా కోరిక.

లెక్కల విషయానికి వస్తే మాకు దొడ్డ సాయం చేసింది వామనగుంటల పీట. రెండు వరసలు, వరసకు ఏడు గుంటలు. గుంటకు నాలుగో ఐదో చింతగింజలు పోసి, ఒక గుంటలోవి తీసి పక్క గుంటల్లో ఒక్కోటీ వేసుకుంటూ పోవాల. ఒక గుంటకు ఒకే గింజ. రెండు వేస్తే ఎదురుగా కూచున్న ఆమె ఊరుకోదు. నూరు దాకా పాడే పిల్ల ఏడు గింజలు ఎందుకు తేలేకపోయిందంటే, ఒక మాటకు ఒక వస్తువు అనే కట్టు దాని చేతికి తెలియదు. నోరు ముందుకు పోయేది, చెయ్యి వెనకబడేది. ఈ ఆటలో చెయ్యి ముందు పోతుంది, నోరు దాని వెంట నడుస్తుంది. కొన్ని వారాలకు పాప గుంటలోకి చూసి, లెక్కపెట్టకుండానే, ఇవి ఎత్తితే ఆ మూల ఖాళీ గుంట దాకా పోతాయి అని ముందే చెప్పేది. కూడిక అక్కడ పుట్టింది. పలకమీద ప్లస్ గుర్తు పెట్టి చెప్పాల్సిన అవసరం నాకు ఇప్పటిదాకా రాలేదు.

పెద్ద అంకెలకు మాకు రైలు ఉంది. మాది జంక్షను. చెన్నై నుంచి ముంబై పోయే పాత లైను మీద ఊరు, 2016లో నంద్యాల లైను కూడా వచ్చి కలిసింది. సిమెంటు పెట్టెలు, బొగ్గు పెట్టెలు వస్తూ పోతూ ఉంటాయి. థర్మల్ పవర్ స్టేషనూ సిమెంటు ఫ్యాక్టరీలూ ఉన్న మండలం మాది, గూడ్సు బండ్లకు కరువు లేదు. బొగ్గు బండికి మామూలుగా 58 పెట్టెలుంటాయి. సాయంత్రం పూట దూరంగా నిలబడి పాప లెక్క మొదలుపెట్టేది, ఇరవై దాటినాక తడబడేది. బండి ఆగదు కదా, మళ్ళీ మొదలుపెట్టడానికి ఉండదు. అప్పుడు ఒక ఉపాయం చెప్పాను. పది పెట్టెలు పోగానే ఒక గులకరాయి జేబులో వేసుకో, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టు. బండి పోయినాక జేబులోంచి ఐదు రాళ్ళు తీసింది, నోట్లో ఎనిమిది ఉంది. ఐదు రాళ్ళూ ఎనిమిదీ. ఇంటికి వచ్చి బండ మీద 5 రాసి పక్కన 8 రాసి, ఈ ఐదు నీ రాళ్ళు అన్నాను. చాలాసేపు ఆ రెండంకెలకేసి చూసింది. ఆ రోజు నుంచి 58లోని 5 దానికి యాభై. పదుల స్థానం, ఒకట్ల స్థానం అని గళ్ళు గీసి నేను తరగతి తరవాత తరగతికి చెప్పిన పాఠం, ఒక జేబూ కొన్ని రాళ్ళూ ఇంత తేటగా చెప్తాయని నాకు పనిలో ఉన్నప్పుడు తోచలేదు, ఆ తీరికా లేదు. ఇంకో బండి వచ్చినప్పుడు పాపే అడిగింది: "జేజీ, గార్డు డబ్బాను లెక్కేయాల్నా వద్దా?" మంచి ప్రశ్న అది. ఏది లెక్కలోకి వస్తుంది, ఏది రాదు అని ముందే తేల్చుకుని లెక్కపెట్టడం పెద్దవాళ్ళలో కూడా తక్కువే. దాంట్లో బొగ్గు లేదు, మనిషి ఉన్నాడు, వద్దులే అని అదే తీర్పు చెప్పింది.

రైలు మాట వచ్చింది కాబట్టి ఇంకో పుస్తకం. జపాన్ రచయిత్రి తెత్సుకో కురొయనాగి తన చిన్ననాటి బడి గురించి 1981లో రాసిన "తొత్తోచాన్" తెలుగులో "రైలుబడి"గా వచ్చింది. టోక్యోలో వాడకం నుంచి తీసేసిన రైలుపెట్టెలే అక్కడ తరగతి గదులు. పిల్లలు ఆ రోజు ఏ పాఠంతో మొదలుపెట్టాలో వాళ్ళే ఎంచుకునేవాళ్ళు. యుద్ధంలో బాంబులు పడి 1945లో ఆ బడి కాలిపోయింది. పాపకు ఆ కథ ముక్కలు ముక్కలుగా చెప్తుంటాను. రైలుపెట్టెలో బడి అనేసరికి మా జంక్షను పిల్లకు అది జపానులో జరిగిన కథ అనిపించదు.

నాపరాయి దగ్గరికి మళ్ళీ వస్తాను, దాని కడుపులో ఇంకా చాలా ఉంది. ఒకరోజు పగిలిన బండముక్కను ఇంకో రాయితో గీకి పొడి చేయమన్నాను. ఆ పొడి మీద నిమ్మకాయ పిండాము. చిన్న చిన్న బుడగలు లేచాయి. "జేజీ, రాయి ఊపిరి ఇడుస్తాంది!" అని అరిచింది. నిజానికి అది తప్పు మాట కాదు. సున్నపురాయికి పులుపు తగిలితే అందులో పట్టుబడి ఉన్న బొగ్గుపులుసు గాలి బయటికి వస్తుంది. తరవాత ఇల్లంతా తిరిగి అన్నింటి మీదా నిమ్మరసం పోసింది. గ్రానైటు గడప మీద పోసింది, రాలేదు. ఇటుక మీద రాలేదు. కోడిగుడ్డు పెంకు మీద వచ్చింది. గుడ్డు పెంకూ మన బండా చుట్టాలన్నమాట అని దానికదే తేల్చుకుంది. భూగర్భ శాస్త్రం వాళ్ళు ఈ రాయిని నార్జి సున్నపురాయి అంటారు. భూమ్మీద ఇంకా చేపలు కూడా పుట్టని కాలంలో, సముద్రం అడుగున పేరుకున్న సున్నపు బురద గట్టిపడి ఇట్ల అయింది. ఎండాకాలం బిందెడు నీళ్ళకు ఎదురుచూసే ఊరు ఒకప్పుడు సముద్రం అని చెప్తే పాప నమ్మలేదు. బండ అంచును పక్కనుంచి చూపించాను. పొరలు పొరలుగా ఉంది. చెరువు ఎండినప్పుడు అడుగున బురద పొరలు కట్టడం అది చూసింది. రెండూ పక్కపక్కన పెట్టుకుని అప్పుడు సరే అనింది. నాన్న పనిచేసే చోట ఈ రాయినే పిండి చేసి, మట్టి కలిపి, 1,450 డిగ్రీల వేడిలో కాలుస్తారని, అదే సిమెంటు అయితుందని చెప్పాను. రాత్రి నాన్న రాగానే, ఇంట్లో నేల, నాన్న డ్యూటీ, మిద్దె గోడ, అన్నీ ఒకే రాయి అని నాన్నకే పాఠం చెప్పింది. కాల్చిన సున్నంలో నీళ్ళు పోసి పొగ చూపించాలని నాకు మనసు పీకింది గాని ఆ పని చేయలేదు. పొడిసున్నం కంట్లో పడితే ప్రమాదం. అది పెద్దయినాక దూరంనుంచి చూసేది.

నీళ్ళ పాఠం మాకు జాగ్రత్తగా చెప్పుకోవాల్సిన పాఠం. మా జిల్లాలో ఏడాది వాన సగటున 700 మిల్లీమీటర్ల లెక్కన పడుతుంది, అదీ ప్రతి ఏడాదీ కాదు. పిల్ల చేతికి చెంబు ఇచ్చి ఆడుకొమ్మంటే ముసలివాళ్ళకు గుండె దడ. అందుకని కరివేపాకు చెట్టు పాదిలో పీట వేసి అక్కడే ఆడనిస్తాను, ఒలికింది చెట్టు తాగుతుంది. సేరు, అర్ధసేరు, పావుసేరు గిన్నెలు ఇచ్చాను. పావుసేరుతో నాలుగుమార్లు పోస్తే సేరు నిండుతుందని అదే చూసుకుంది. పొడుగు గ్లాసులో నీళ్ళను వెడల్పు గిన్నెలో పోసి, ఇప్పుడు తగ్గాయా అని అడిగితే, తగ్గాయి అంటుంది. మళ్ళీ గ్లాసులో పోసి చూపించినా, గిన్నెలో ఉన్నప్పుడు తక్కువే అంటుంది. స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త జాన్ పియాజే ఇదే ప్రశ్న ఎంతోమంది పిల్లలను అడిగి, ఏడేళ్ళ లోపు పిల్లలు మామూలుగా ఇట్లే చెప్తారని రాశాడు. నేను దిద్దలేదు. దిద్దితే నా మాట అప్పజెప్తుంది, అంతే. పోయనీ, ఇంకా పోయనీ. ఏదో ఒకనాడు దానికదే నా దగ్గరికి వచ్చి, రెండూ ఒకటే జేజీ అంటుంది. ఆ రోజుకోసం నేను కాచుకుని ఉన్నాను.

ఇసుకలో అక్షరాలు దిద్దడం మా ప్రాంతానికి కొత్త కాదు. బళ్ళారి, కడప రెండూ 1800లో నిజాం నుంచి ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చిన సీమ. గవర్నరు మన్రో 1822లో మద్రాసు రాజధానిలోని బడులన్నింటి లెక్క తీయించాడు. బళ్ళారి కలెక్టరు క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో పంపిన నివేదికలో తన జిల్లాలో 533 బడులున్నాయని రాశాడు. ఐదేళ్ళు నిండిన పిల్లను బడిలో వేస్తారని, ఇసుకలో వేలితో అక్షరాలు రాయిస్తారని, పెద్దపిల్లలు చిన్నపిల్లలకు చెప్తారని వివరంగా ఉంది. తక్కువ ఖర్చుతో పిల్లలకు రాత నేర్పే తీరును మెచ్చుకున్నాడు. అదే నివేదికలో ఇంకో మాట కూడా ఉంది. పిల్లలు పద్యాలకు పద్యాలు అప్పజెప్తారు గాని అర్థం తెలియదని. ఆ బడుల్లో ఆడపిల్లలు బహు తక్కువ అని కూడా ఆ లెక్కలే చెప్తాయి. రెండు నూర్ల ఏండ్లలో ఆడపిల్లలు బడిలోకి వచ్చారు, అది గొప్ప మార్పు. అర్థం లేకుండా అప్పజెప్పడం మాత్రం రైమ్స్ రూపంలో మళ్ళీ వచ్చి కూచుంది. ఇసుక ఏమో వెళ్ళిపోయింది. వదులుకోవాల్సినదాన్ని పట్టుకుని, పట్టుకోవాల్సినదాన్ని వదులుకున్నామని నాకు బాధ. పెన్నలోంచి తెచ్చిన సన్న ఇసుకను జల్లించి వెడల్పు పళ్ళెంలో పోశాను. పాప అందులో వేలితో "క" రాస్తుంది, పళ్ళెం కుదిపితే పోతుంది, మళ్ళీ రాస్తుంది. తప్పు రాసినా గుర్తుండదు, కొట్టివేత ఉండదు, ఎర్రసిరా ఉండదు. పెన్సిలు చూసి ఏడ్చిన పిల్ల ఆ పళ్ళెం ముందు తనే పోయి కూచుంటుంది.

అక్షరాలంటే ఎవరో మనుషులు తమ చేతులతో చెక్కినవి అని దానికి చెప్పడానికి మాకు దూరం పోవాల్సిన పని లేదు. తొలి తెలుగు శాసనంగా పేరున్నది మా మండలంలోని కలమళ్ళ శాసనం. రేనాటి చోళుడు ధనంజయుడి కాలంది, సుమారు 575 నాటిది, చెన్నకేశవస్వామి గుడి ఆవరణలోది. ఉలి పట్టుకుని రాతి మీద తెలుగును మొదటగా నిలిపిన వాళ్ళలో మన మండలం వాళ్ళు ఉన్నారని చెప్పాను. పాపకు ధనంజయుడి సంగతి ఎక్కలేదు. మేకు ఒకటి తీసుకుని నాపముక్క మీద తన పేరులో మొదటి అక్షరం గీకడానికి కూచుంది. చెయ్యి నొప్పి పుట్టేదాకా గీకింది. గీత సన్నగా పడింది, గుడ్డతో తుడిస్తే పోలేదు. పోలేదని మళ్ళీ మళ్ళీ తుడిచి చూసుకుంది.

ఇంటి చదువుకు హద్దులు లేవని నేను చెప్పను. పిల్లకు పిల్లలు కావాల. తనకన్నా బాగా చేసే పిల్ల, తనకన్నా నెమ్మదిగా చేసే పిల్ల, తనతో పోట్లాడే పిల్ల, వేరే ఇంట్లో వేరే తిండి తిని వచ్చిన పిల్ల. జేజి ఎంత ప్రేమగా ఆడినా గెలుపు ఎక్కడో ఒకచోట వదిలేస్తుంది. వీధిలో పిల్లలు వదలరు. అందుకని సాయంత్రం మా అరుగు అందరిదీ. గచ్చకాయలు, పులిజూదం, ఎవరికి తోచింది వాళ్ళు తెస్తారు. అరుగు మీద మా మామగారి కాలంలో చెక్కిన పులిజూదం గీతలు అరిగిపోయి ఉంటే వాటిమీదే సుద్దతో మళ్ళీ గీసుకున్నారు.

ఇంకో హద్దు దీనికన్నా పెద్దది. రిటైరైన టీచరు జేజిగా ఉండడం ఎంతమంది పిల్లలకు దొరుకుతుంది? నాపరాయి గనులకు పొద్దున్నే పోయే అమ్మలు పిల్లను ఇంట్లో పెట్టుకుని జొన్నరొట్టెతో భిన్నాలు చెప్పగలరా? ఇంటిచదువు గొప్పదని ఊరేగించి, వాళ్ళ పిల్లల మాట మరిచిపోతే అది చదువు గురించిన మాట కాదు. 1975 అక్టోబరు 2న మొదలైన ఐసీడీఎస్ కింద వచ్చిన అంగన్‌వాడీ ఆ పిల్లలకు రెండో ఇల్లు. అక్కడ వండే అన్నం, నానబెట్టే పప్పు, కడిగే గుడ్లు, ఇవన్నీ పాఠాలు కాగలవు. పిల్లల చేతికి అందనిస్తే చాలు. అక్కడి టీచరుకు రిజిస్టర్లు రాయడానికే పూట సరిపోతుందని నాకు తెలుసు. అందుకనే ఆమెను ఏమీ అనను, అప్పుడప్పుడు పోయి ఒక గంట కూచుని వస్తాను. గుడ్లు ఎన్ని కడిగాము, పిల్లలు ఎంతమంది, ఎవరికి రాలేదు అని పిల్లలతోనే పంచిస్తే మూడేళ్ళ పిల్లాడు కూడా తనకు తక్కువ పడిందని చూపిస్తాడు. లెక్క తప్పితే గుడ్డు రాదు కదా.

ఇంగ్లీషు ఏమయితుంది అని కోడలికి ఒక బెంగ ఉండేది. బెంగ పడాల్సిందే, ఉద్యోగాలు ఎట్లున్నాయో ఆమెకు నాకన్నా బాగా తెలుసు. ఆమెకు నేను చెప్పింది, పాపకు బరువు తెలుసు, సగం తెలుసు, పొర తెలుసు, బుడగ తెలుసు. తెలిసిన వస్తువుకు ఇంకో పేరు పెట్టుకోవడం వారం రోజుల పని. తెలియని వస్తువుకు ఎన్ని భాషల్లో పేర్లు చెప్పినా పిల్ల చేతిలో ఏమీ ఉండదు. ఇప్పుడు రాత్రి పడుకునే ముందు ఆ రోజు చేసిన పనులను కోడలే ఇంగ్లీషులో పాపకు చెప్పిస్తోంది. ఆ పూచీ ఆమె తీసుకున్నందుకు నాకు సంతోషం.

వచ్చే జూన్‌కు పాపకు ఆరేళ్ళు నిండుతాయి. వీధి చివర ప్రభుత్వ బడిలో ఒకటో తరగతిలో చేరుస్తున్నాము. ఆ బడి టీచరమ్మతో ముందే మాట్లాడాను. మా పిల్లకు ఏం వచ్చో ఏం రాదో ఆమెకు చెప్పలేదు, అది ఆమే చూసుకుంటుంది. వారానికి ఒక్కపూటైనా ఆ తరగతిలో పిల్లలందరి చేతులకూ గింజలు, ఇసుక, నీళ్ళు అందనిమ్మని అడిగాను. స్థలం లేదు, సామాను లేదు అనింది. వెనక వరండాలో నాపబండలే కదమ్మా, సామాను నేను తెస్తాను, ఎత్తిపెట్టే పని కూడా నాదే అన్నాను. బుధవారం మధ్యాహ్నం రమ్మనింది. చింతపండు కొట్టే కాలం కదా, ఇంటింటికీ చెప్పి గింజలు పారేయకుండా దాచమంటున్నాను. నలభైమంది పిల్లలకు చాలా కావాల.